అవాలిలో ఎనిమిది పళ్లేలు: అమెరికావాళ్లకు తెలిసిన బ్రిటన్ ప్రధానులు

అవాలి చూద్దామని నేను బయలుదేరలేదు. పని కోసం వెళ్లాను. బహ్రెయిన్ వచ్చి పదకొండేళ్లయినా రిఫా ఊరు దాటి దక్షిణాన అవాలి వైపు వెళ్లింది రెండేసార్లు, ఆ రెండూ మా తెలుగు సహవాసం వాళ్లు వేసిన పిక్నిక్ బస్సులోనే. జుఫైర్‌లో కరోల్ మేడం ఇంట్లో ఆరేళ్లుగా వంట చేస్తున్నాను. ఆవిడది అమెరికా, ఇక్కడ బడిలో టీచరు. ఈ జనవరిలో ఒక రోజు నన్ను కూర్చోబెట్టి, ఉద్యోగం ముగిసిందని, సొంత దేశం వెళ్లిపోతున్నానని చెప్పారు. గల్ఫులో ఉన్నవాళ్లకు దీని అర్థం విడమరిచి చెప్పక్కర్లేదు. కొత్తవాళ్ల కోసం చెబుతున్నాను: కఫీలు, అంటే మన వీసాకు పూచీ ఉన్న మనిషి, వెళ్లిపోతే ఇంకొకరెవరైనా ఆ వీసాను తమ పేరు మీదకు మార్చుకోవాలి. లేదంటే మనమూ పెట్టె సర్దుకోవాలి. నాకున్న గడువు మూడు వారాలు. మా అమ్మాయి నర్సింగు చదువు ఇంకా ఏడాదిన్నర ఉంది.

కరోల్ మేడం నన్ను గాలికి వదిలేసే మనిషి కాదు. అవాలిలో హెలెన్ మేడం అనే ఇంగ్లీషావిడ ఉన్నారని, డెబ్బై దాటిన మనిషని, చరిత్ర పాఠాలు చెప్పి రిటైరై ఒంటరిగా ఉంటున్నారని, వంటకు నమ్మకమైన మనిషి కోసం చూస్తున్నారని చెప్పారు. ఆ శనివారమే వాళ్లింట్లో పదిమంది అమెరికావాళ్లకు టీ పార్టీ. ఆ ఒక్కరోజు నేను వెళ్లి చేయాలి, నా పని నచ్చితే ఆవిడే వీసా మార్చుకుంటారు. శుక్రవారం ఆరాధన అయ్యాక మోకరించి ఈ సంగతి ప్రభువు చేతిలో పెట్టాను. లేచి చూస్తే మా సహవాసంలోనే ఉండే సుగుణ చేతిలో అట్టపెట్టె పట్టుకుని నిలబడి ఉంది. సెలవుకు ఇంటికెళ్లి మొన్ననే తిరిగొచ్చింది. "కొత్త గుమ్మం తొక్కేటప్పుడు ఒట్టి చేతులతో ఎళ్తారా వదినా? ఇయ్యి పట్టుకెళ్లండి" అని ఆత్రేయపురం పూతరేకులు నా చేతిలో పెట్టింది. ఆ పెట్టే నా పని దాదాపు చెడగొట్టింది.

అవాలికి టాక్సీలో వెళ్తే అయిదారు దీనార్లు అడుగుతారు. బస్సయితే మూడు వందల ఫిల్సు, అంటే దీనారులో మూడో వంతు కూడా కాదు. శనివారం పొద్దున్న ఏడున్నరకల్లా రాజధాని మనామా బస్టాండులో ఉన్నాను. వీధులు ఇంకా ఖాళీగానే ఉన్నాయి. టీ దుకాణం ముందు నలుగురైదుగురు డ్యూటీ దిగి వచ్చినవాళ్లు నిద్రమొహాలతో నిలబడి ఉన్నారు. ఎక్కే ముందే డ్రైవరును అవాలి వెళ్తుందా అని అడిగి, ఊరి గేటు దగ్గర దింపమని చెప్పి, అతని వెనక సీట్లో కూర్చున్నాను. మీరూ అలాగే చేయండి. ఈసా టౌను, రిఫా దాటే వరకు అన్నీ ఇళ్లు, దుకాణాలే. ఆ తర్వాత ఒక్కసారిగా ఊరు అయిపోతుంది. రోడ్డు పక్కన పొడుగ్గా నూనె గొట్టాలు మనతోపాటే పరుగెడుతుంటాయి. దూరంగా ఇసుకలో నూనె తోడే యంత్రాలు గంగిరెద్దుల్లా తలలు ఊపుతుంటాయి. గంటకు కాస్త తక్కువే పట్టింది.

దిగాక పది నిమిషాల నడక. అవాలి మిగతా బహ్రెయిన్ లాగా ఉండదు. సుమారు తొంభై ఏళ్ల కిందట నూనె కంపెనీ తన దొరల కోసం ఎడారిలో కట్టించిన ఊరు ఇది. మా గోదావరి కాలువ లాకుల దగ్గర ఒక్కో ఇరిగేషన్ బంగళా ఉంటుంది చూడండి, పొట్టిగా, చుట్టూ వరండాతో, ముందు కాగితంపూల తీగతో. అలాంటివి ఇక్కడ వరసకు ఇరవై ఉన్నాయి. వీధుల్లో చెట్లు, పిట్టల అరుపులు. చలికాలం కాబట్టి స్వెటరు వేసుకున్నా నడక హాయిగానే ఉంది.

హెలెన్ మేడం సన్నగా, పొడుగ్గా ఉన్నారు. చూపు చురుకు. నన్ను కూర్చోమనలేదు. ముందు టీ పెట్టమన్నారు. రెండు గుక్కలు తాగి, బాగుందని కూడా అనకుండా ఆ రోజు పని చెప్పడం మొదలుపెట్టారు. నా ఇంగ్లీషు పదో తరగతి ఇంగ్లీషు. ఆవిడ నిదానంగా మాట్లాడారు కాబట్టి అంతా అర్థమైంది. వచ్చే వారం అవాలి క్లబ్బులో ఆవిడ ఉపన్యాసం ఉంది. విషయం ఏమిటంటే, బ్రిటన్‌ను ఏలిన ప్రధానమంత్రుల్లో అమెరికావాళ్లకు బాగా తెలిసినవాళ్లు ఎవరు అని. ఆవిడకూ కరోల్ మేడానికీ దీని మీద రెండేళ్లుగా వాదన నడుస్తోందట. చర్చిల్, థాచర్, ఈ ఇద్దరి పేర్లు తప్ప మీవాళ్లకు ఇంకేం తెలియదని ఈవిడ అంటారు. మావాళ్లను అంత తక్కువ చేయొద్దని ఆవిడ అంటారు.

దాన్ని తేల్చడానికి హెలెన్ మేడం ఒక పద్ధతి కనిపెట్టారు. బల్ల మీద ఎనిమిది పళ్లేలు. పళ్లేనికి పది బిస్కెట్లు, మధ్యలో పుల్లకు గుచ్చిన కాగితం జెండా, దాని మీద ఒక ప్రధాని పేరు. వచ్చిన పదిమందీ తమకు తెలిసిన పేరున్న పళ్లెంలోంచే ఒక్కొక్కటి తీసుకోవాలి. తెలియని పేరు జోలికి పోకూడదు. చివరికి ఏ పళ్లెం ఖాళీ అయితే ఆ మనిషి అమెరికావాళ్లకు తెలిసినట్టు. ప్రశ్న అడిగితే మనుషులు సిగ్గుపడి అబద్ధం చెబుతారు, తిండి దగ్గర అయితే చెప్పరు అన్నారు ఆవిడ. నాకు భలే నచ్చింది. యుద్ధకాలపు చర్చిల్, మొదటి మహిళా ప్రధాని థాచర్, ఈ మధ్యకాలం మనిషి బ్లెయిర్, యుద్ధానికి ముందున్న చాంబర్లేన్, విక్టోరియా రాణి నాటి డిజ్రాయెలీ, గ్లాడ్‌స్టన్, అమెరికా స్వాతంత్ర్య యుద్ధం జరిగినప్పుడున్న లార్డ్ నార్త్, చివరగా అట్లీ. ఇవీ ఆ ఎనిమిది జెండాలు.

వెన్న బిస్కెట్లు ఆవిడ ముందురోజే స్వయంగా చేసి పెట్టుకున్నారు. నేను శాండ్‌విచ్‌లు, ఉల్లిపాయ పకోడీ, టీ చూసుకోవాలి. రెండు గంటలకు మేడం తయారవడానికి లోపలికి వెళ్లారు. పళ్లేలు సర్దుతుంటే డబ్బా అడుగు వరస మాడి ఉంది. మాడినవి తీసేస్తే సరిగ్గా ఏడు పళ్లేలకే వచ్చాయి. ఎనిమిదో పళ్లెం ఒట్టిది. అతిథులు వచ్చే వేళ. సుగుణ ఇచ్చిన పెట్టె గుర్తొచ్చింది. పూతరేకులు పది లెక్కపెట్టి పళ్లెంలో పేర్చాను. ఇక ఏ జెండా గుచ్చాలి?

ఇక్కడే నేను చేసిన పని దాచకుండా చెబుతున్నాను. అట్లీ పేరు నాకు తెలుసు. పదో తరగతిలో సోషల్ మాస్టారు బెంచీ మొదటి నుంచి లేపుకుంటూ వచ్చారు, మనకు స్వాతంత్ర్యం వచ్చినప్పుడు ఇంగ్లండు ప్రధాని ఎవరని. ముందు ఏడుగురికి బెత్తం దెబ్బలు పడ్డాయి. నేను చెప్పాను, నాకు పడలేదు. ముప్ఫై అయిదేళ్ల తర్వాత ఎడారిలో ఒక వంటింట్లో ఆ పేరు కాగితం జెండా మీద కనిపించేసరికి ఊరివాళ్లెవరో కనిపించినట్టయింది. పంక్తిలో మనకు తెలిసినవాళ్ల విస్తట్లో నెయ్యి కాస్త ఎక్కువ పడుతుంది కదా. పూతరేకుల పళ్లెంలో అట్లీ జెండా గుచ్చి తీసుకెళ్లి వరండా బల్ల మీద పెట్టాను. ఇంకేమీ ఆలోచించలేదు.

మూడింటికి అందరూ వచ్చారు. కరోల్ మేడం కూడా వచ్చారు. హెలెన్ మేడం తోటలో ఒక్కొక్కరినీ పలకరిస్తూ ఆట నియమం చెబుతున్నారు. నేను వరండాలో టీ కెటిలు దగ్గర ఉన్నాను. అందరి చేతులూ మొదట చర్చిల్ పళ్లెం మీదకే వెళ్లాయి. ఆ తర్వాత థాచర్. అప్పుడు టోపీ పెట్టుకున్న పొడుగాటి ఆయన ఒకరు పూతరేకుల ముందు ఆగి, ఇది కాగితమా, తినేదా అని నన్ను అడిగారు. బియ్యప్పిండి రేకండి, లోపల నెయ్యి, పంచదార అన్నాను. కొరికి ఒక క్షణం కళ్లు మూసుకున్నారు. తర్వాత భార్యను పిలిచారు. ఆవిడ జెండా చదివి, ఈ అట్లీ ఎవరు, నీకు తెలుసా అని అడిగారు.

"అయిదు నిమిషాల కిందటి వరకు తెలియదు. ఇప్పుడు బాగా తెలుసు" అన్నారాయన నోటి నిండా పూతరేకుతో.

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు, తలా ఒకటి తీసుకున్నారు. ఒకాయన రెండు తీసుకుని ఒకటి రుమాలులో చుట్టుకున్నారు. పది నిమిషాల్లో జెండా ఒక్కటే మిగిలింది. అప్పుడు తెలిసింది నాకు, నేను చేసిందేమిటో. పేరు చూసి తీసుకోవాల్సినవాళ్లు రుచి చూసి తీసుకున్నారు.

హెలెన్ మేడం నోటుపుస్తకం పట్టుకుని వచ్చారు. పళ్లేలు ఒక్కొక్కటే చూస్తూ రాసుకుంటూ అట్లీ దగ్గరకొచ్చి ఆగిపోయారు. అక్కడే ఉన్న కుర్చీలో కూర్చున్నారు. వాళ్ల నాన్న బొగ్గుగనిలో పనిచేసేవారట. ఇంట్లో గోడ మీద ఒక్కటే పటం ఉండేదట, అది గనులను ప్రభుత్వపరం చేసిన అట్లీదట. అంత గొప్ప మనిషిని బయట దేశంవాళ్లెవరూ తలచుకోరని వాళ్ల నాన్న చివరిదాకా బాధపడేవారని కరోల్ మేడంతో చెప్పారు. నీ మాటే నెగ్గింది, నా ఉపన్యాసం మళ్లీ రాస్తాను, ఇంత సంతోషంగా ఎప్పుడూ ఓడిపోలేదు అన్నారు. ఆవిడ కళ్లు తడిగా ఉన్నాయి.

కరోల్ మేడానికి పూతరేకుల రుచి కొత్త కాదు. పళ్లెంలో రాలిన రేకు ముక్కలు చూడగానే ఆవిడకు అర్థమైపోయింది. నా వెనకే వంటింట్లోకి వచ్చి తలుపు దగ్గరగా వేశారు. చెప్పొద్దన్నారు. పెద్దావిడ ఇంత ఆనందంగా ఉండగా చూసి చాలా కాలమైందన్నారు. పైగా నా గురించి ఇప్పుడే మాటయిందని, వీసా కాగితాలు ఈ వారమే మొదలుపెడతానని హెలెన్ మేడం అన్నారని చెప్పారు. "ఒక పళ్లెం బిస్కెట్ల వల్ల ఎవరికీ నష్టం లేదు. నీ పని నువ్వు చూసుకో" అని నా చెయ్యి నొక్కి వెళ్లిపోయారు.

టీ మరిగే వరకు పొయ్యి దగ్గర నిలబడ్డాను. మా అమ్మ చేపల సంతలో త్రాసు పట్టేది. పక్క గంపవాళ్లు త్రాసు పళ్లెం అడుగున చింతపండు ముద్ద అంటించేవాళ్లు. వాటిని నాకు చూపించి, దేవుడికి ముందు అడుగే కనబడుద్దే అనేది. నేను కావాలని అంటించలేదు, నిజమే. కానీ అంటుకుని ఉందని తెలిశాక ఊరుకుంటే అంటించినట్టే. ఆ పెద్దావిడ వచ్చే వారం క్లబ్బులో నలుగురి ముందు నిలబడి నా పూతరేకుల్ని చరిత్రగా చెబుతారు. ఉద్యోగం ఇచ్చినా తీసినా ప్రభువే చూసుకుంటాడనుకుని, చేతులు తుడుచుకుని వరండాలోకి వెళ్లాను.

"మేడం, ఆ పళ్లెం ఖాళీ అయింది అట్లీ గారి పేరు చూసి కాదండి. అందులో పెట్టింది మీ బిస్కెట్లు కాదు. మా ఊరి మిఠాయి. తప్పు నాది" అన్నాను.

ఆవిడ నా వైపు చూశారు. తర్వాత కరోల్ మేడం వైపు చూశారు, ఆవిడ తల దించుకున్నారు. హెలెన్ మేడం నోటుపుస్తకం మూసేశారు. తోటలో అతిథుల నవ్వులు వినబడుతున్నాయి. చివరికి, ఎనిమిది ఉండగా ఆ జెండానే ఎందుకు గుచ్చావని అడిగారు. సోషల్ మాస్టారి సంగతి, బెత్తం సంగతి చెప్పాను. పదో తరగతిలో అందరూ చదివారా అని అడిగారు. అందరమూ చదివామండి, గుర్తున్నది మాత్రం నాకే అన్నాను. ఆవిడ పెదవి చివర కొంచెం కదిలింది.

"ఒక గంటలో ఎనభై చేయగలవా? అన్నీ ఒకేలా ఉండాలి."

"ముప్పావు గంట చాలండి" అన్నాను. ఆ విషయంలో నాకు అనుమానం లేదు.

ఇంట్లో మైదా, వెన్న, పంచదార ఉన్నాయి. మన ఇళ్లలో పిల్లలకు చేసే మైదా బిస్కెట్ల కంటే తొందరగా అయ్యేది ఇంకొకటి లేదు. పిండి గట్టిగా కలిపి, చపాతీలా వత్తి, చాకుతో ఐమూలగా గళ్లు కోసి, సన్న సెగ మీద వేయించాను. అంచుముక్కలు, వంకరవి పక్కన పడేశాను. ఒకే పిండి, ఒకే నూనె, ఒకే రంగు. లెక్కపెట్టి పదేసి సర్దాను. ఈసారి జెండాలు హెలెన్ మేడమే గుచ్చారు, నా వైపు ఓరగా చూస్తూ. అతిథులకు జరిగింది చెప్పి, ఇప్పుడు నిజాయితీగా ఆడాలని గట్టిగా చెప్పారు. టోపీ ఆయన చెయ్యెత్తి, మొదటి అట్లీ గారికే నా ఓటు అన్నారు.

ఎండ పసుపు రంగుకు తిరిగే వేళకు లెక్క తేలింది. చర్చిల్ పళ్లెంలో పొడి కూడా లేదు. ఆయన తల్లి అమెరికా మనిషేనని, ఆయన సగం మావాడని ఒకావిడ గర్వంగా చెప్పారు. థాచర్ పళ్లెంలో ఒక్కటి మిగిలింది. బ్లెయిర్‌వి నడివయసు దాటినవాళ్లు తీసుకున్నారు, ఇరాక్ యుద్ధం రోజుల నుంచి గుర్తున్నారట. చాంబర్లేన్‌వి సగం పోయాయి. డిజ్రాయెలీకి ఇద్దరు, గ్లాడ్‌స్టన్‌కు ఒక్కరు. అట్లీకి ఒకే ఒక ముసలాయన, మొదటిసారి కూడా సగర్వంగా తీసుకున్నానని నొక్కి చెప్పారు. లార్డ్ నార్త్ పళ్లెం మాత్రం పెట్టింది పెట్టినట్టే ఉంది.

హెలెన్ మేడం ఆ నిండు పళ్లెం ముందు నిలబడి చాలాసేపు నవ్వారు. "అమెరికా ఎవరి చేతిలోంచి జారిపోయిందో అమెరికావాళ్లకు తెలియదు. ఇండియా ఎవరి కాలంలో చేజారిందో మా వంటావిడకు తెలుసు. నా ఉపన్యాసం ఇదీ" అన్నారు.

మా వంటావిడ అన్నారు. నేను విన్నాను. కరోల్ మేడం కూడా విన్నారు, గిన్నె తుడుస్తున్న నా వైపు చూసి కన్ను గీటారు. వెళ్లబోతుంటే గేటు దగ్గర హెలెన్ మేడం ఆ మాటే తేటగా చెప్పారు. సోమవారం పాస్‌పోర్టు కాపీ తీసుకురావాలి. నా పార్టీల్లో ఎవరి మీదా పక్షపాతం పనికిరాదన్నారు. ఆ పూతరేకులు మిగిలి ఉంటే మాత్రం నాకు ఒక్కదానికే పెట్టు అన్నారు. పెట్టెలో రెండు మిగిలాయి, ఇచ్చేశాను.

ఆ వీధివాళ్లకు కారు నడిపే యాదగిరి మనామా వెళ్తుంటే నన్ను ఎక్కించారు. నిజామాబాద్ వైపు మనిషి, వాళ్లకు గల్ఫంతా దుబాయే. నేను తెలుగని తెలియగానే, అవాలిలో ఏం పని అక్కా అని అడిగాడు. జరిగిందంతా చెప్పాను, రిఫా వచ్చేవరకు నవ్వుతూనే ఉన్నాడు.

"గా ఇంగ్లిషోళ్ల మంత్రులెవలైతే మనకేందక్కా? దుబాయికొచ్చిందే పనికి. నోర్మూసుకుంటె అయిపోతుండె గదా."

"నోరు మూసుకుంటే ఆ ఇంట్లో రోజూ మూసుకునే ఉండాలి బాబూ" అన్నాను.

నా ఒళ్లో ఉన్న డబ్బా వైపు చూశాడు. తర్వాత, అక్కా గా డబ్బాల ఏమున్నయ్ అని అడిగాడు. నార్త్, అట్లీ పళ్లేల్లో మిగిలిన మైదా బిస్కెట్లు. డబ్బా మూత తీసి ముందు సీటు మీద పెట్టాను. మనామా చేరేసరికి ఆ ఇద్దరు ప్రధానులనూ అతనే ఖాళీ చేశాడు. ఏడు గంటలకు గదిలో ఉన్నాను. ముందు సుగుణకు ఫోన్ చేశాను.

వీసా మారి నెల దాటింది. ఈ రాసేది అవాలి వంటింట్లో కూర్చునే, కిటికీ బయట కాగితంపూలు కనబడుతున్నాయి. ఒక మనిషి ఎంత పెద్ద పని చేశాడన్నదాన్ని బట్టి లోకం గుర్తుపెట్టుకోదని ఆ రోజు పళ్లేలు చూశాక అర్థమైంది. పక్కన నిలబడి యుద్ధం చేసినవాళ్లను, టీవీలో కనిపించినవాళ్లను గుర్తుపెట్టుకుంటుంది. మిగిలినవాళ్లు ఎక్కడో ఒక బొగ్గుగని ఇంటి గోడ మీద, ఒక పల్లెటూరి బడిలో బెత్తం భయం మీద బతికి ఉంటారు. హెలెన్ మేడం వాళ్ల నాన్నకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. ఆవిడకు మాత్రం నేను చెప్పగలిగాను. నిజం చెప్పాను కాబట్టే చెప్పగలిగాను.

అవాలి వెళ్లాలనుకునేవాళ్లకు ఒక మాట: సెలవు రోజైతే ఏడున్నరకల్లా మనామా బస్టాండుకు చేరండి, చిల్లర చేతిలో ఉంచుకోండి, తిరుగు బస్సు ఎన్నింటికో దిగేటప్పుడే డ్రైవరును అడగండి. ఎవరింటికైనా మన మిఠాయి తీసుకెళ్తుంటే, అందరికీ సరిపడా తీసుకెళ్లండి.